గోడకెక్కే ఫోటో ల్యాబ్‌కు చేరక ముందే తయారవ్వాలి

తెలుగు ఇళ్లలో గోడకెక్కే పెద్ద ఫోటోల్లో చాలావాటి వెనక ఇలాంటి కథే ఉంటుంది. ఇంట్లో పెద్దాయన కాలం చేస్తారు. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఓ పెద్ద ఫోటో కావాలి. బీరువాలోని ఆల్బమ్‌లన్నీ తిరగేసినా ఆయన ఒక్కరే దిగిన మంచి ఫోటో దొరకదు. చివరికి మనవరాలి పెళ్లిలో అందరూ వేదిక మీద నిలబడి దిగిన గ్రూప్ ఫోటోలో ఆయన నవ్వుతూ ఉన్నారని ఎవరికో గుర్తొస్తుంది. ఆ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది. అందులోంచి ముఖం వరకు క్రాప్ చేసి, సాయంత్రానికల్లా 20×24 అంగుళాల ఎన్‌లార్జ్‌మెంట్ కావాలని ల్యాబ్‌కు పంపుతారు. చేతికొచ్చిన ప్రింట్‌లో కళ్లు మసకగా, మీసం నల్లటి ముద్దలా, చెంపలు మైనం పూసినట్టు నున్నగా కనిపిస్తాయి. రోజూ ఆయన్ని చూసినవాళ్లకు అది ఆయన ముఖంలా అనిపించదు. ఆ ఫోటో ఇక ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది కాబట్టి అది చిన్న లోటేమీ కాదు.

లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు (ఫోటోను కూర్చే చుక్కలకు) కుదించుకుపోతుంది. ఇరవై మంది నిలబడిన ఫోటోలో ఒక్కో ముఖానికి దక్కేది వంద పిక్సెళ్ల వెడల్పు. దాన్ని కాగితం మీద పది అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి పది పిక్సెళ్లు మిగులుతాయి. అందులోంచి కనుబొమల వెంట్రుకలు, కళ్లలో మెరుపు ఏ మెషినూ పుట్టించలేదు. అదే ఫోటో తీసినవారి దగ్గర్నుంచి 24 మెగాపిక్సెళ్ల అసలు ఫైల్ తెప్పించుకుంటే ఆ ముఖానికి 350 పిక్సెళ్ల పైచిలుకు దొరుకుతాయి. అప్పటికీ 20×24 కి అవి చాలవు. కానీ 8×10 సైజులో, ముఖం నాలుగు అంగుళాల వెడల్పు ఉండేలా వేయిస్తే మనిషి మనిషిలా కనిపిస్తాడు. ఇలాంటప్పుడు సైజు తగ్గించుకోవడమే సరైన నిర్ణయం. కౌంటర్ దగ్గర ఆ మాట చెప్పే ల్యాబ్ దొరికితే దాన్ని వదులుకోకూడదు.

హైదరాబాద్‌లో ప్రింటింగ్ మెషిన్లకు కొరత లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో 12×36 ఆల్బమ్ షీట్లు రాత్రింబవళ్లు వేసే ల్యాబ్‌లున్నాయి. 44 అంగుళాల వెడల్పు రోల్ మీద ఆర్ట్ ప్రింట్లు వేసేవీ ఉన్నాయి. పెద్ద ప్రింట్ చెడిందంటే తప్పు చాలాసార్లు మెషిన్‌లో కాకుండా ఫైల్‌లోనే ఉంటుంది. అందరూ మాట్లాడేది పిక్సెళ్ల గురించే. నిజానికి అంతకంటే ఎక్కువ ప్రింట్లను పాడుచేసేవి చీకటి, రంగు. పిక్సెళ్ల లెక్క కాస్త తొందరగా ముగించి ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగడం మంచిది.

ఎన్ని పిక్సెళ్లు కావాలి?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో ఈ ప్రశ్న దాదాపు లేదు. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో నడిచిన 1880లు, 90ల్లో గాజు ప్లేటును నేరుగా కాగితానికి ఆనించి ప్రింట్ తీసేవారు. ప్లేటు ఎంత ఉంటే ఫోటో అంత. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద కెమెరా మోసుకెళ్లాల్సిందే. ఆ ప్రింట్లలో దర్బారు దుస్తుల మీద కుట్టుపని ఇప్పటికీ పోగు పోగునా కనిపించడానికి ఇదో ముఖ్య కారణం. అక్కడ సాగదీయడం అన్నదే లేదు.

ఇప్పుడు గోరంత సెన్సర్‌ మీద పడిన బొమ్మను గోడంత చేస్తున్నాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటో అంటే 6000×4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున వేస్తే 20×13 అంగుళాలు వస్తుంది. 20×30 కి పెంచితే అంగుళానికి 200, 24×36 కి పెంచితే 166 మిగులుతాయి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 24×36 కి వెళ్తే 112కి పడిపోతుంది.

ఇవి చాలా, చాలవా అన్నది ఫోటోను ఎంత దూరం నుంచి చూస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు కంటిచూపుకు ఒక అడుగు దూరం నుంచి అంగుళానికి దాదాపు 290 చుక్కల వరకు విడివిడిగా తెలుస్తాయి. మూడడుగుల నుంచి 95, ఆరడుగుల నుంచి 50 లోపే. హాల్లో సోఫా వెనక గోడ మీద ఉండే 24×36 ఫోటోను ఎదురుగా కూర్చుని చూసేవాళ్లు ఎనిమిది, పది అడుగుల దూరంలో ఉంటారు. వాళ్లకు ఫోన్ ఫోటో కూడా స్పష్టంగానే కనిపిస్తుంది. అదే ఫోటో అపార్ట్‌మెంట్‌లో మూడున్నర అడుగుల కారిడార్‌లో పెడితే ముక్కు ఆనించినంత దగ్గర నుంచి చూస్తారు. ఏటా ఇండియన్ ఫోటో ఫెస్టివల్ ప్రదర్శనలు జరిగే మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట జనం ముందు దూరం నుంచి చూసి, తర్వాత వంగి మరీ దగ్గర్నుంచి చూస్తారు. అక్కడ 200కి తగ్గకుండా చూసుకోవడం క్షేమం. ఇంటి గోడకు 120, 150 ఉంటే దిగులు పడక్కర్లేదు. కాబట్టి ఫోటో ఎక్కడ తగిలిస్తారన్నది ముందే తేల్చుకోవాలి, ఫైల్ పని ఆ తర్వాతే.

ఫైల్‌లో ‘300 డీపీఐ’ (అంగుళానికి 300 చుక్కలు) అని కనబడితే చాలనుకోవడం పొరపాటు. అది ఫైల్‌కు అంటించిన చీటీ మాత్రమే. 1600 పిక్సెళ్ల ఫోటోకు 300 అని చీటీ అంటించినా, 72 అని అంటించినా ఉన్నవి ఆ 1600 పిక్సెళ్లే. చూడాల్సింది పొడవులో, వెడల్పులో మొత్తం ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నది. ఫైల్‌ను ల్యాబ్‌కు పెన్‌డ్రైవ్‌లోనో, డ్రైవ్ లింక్‌గానో ఇవ్వాలి. వాట్సాప్ తప్పనిసరైతే ‘డాక్యుమెంట్’గా పంపితే కుదింపు ఉండదు.

వెలుగు పోయి కాగితం మిగిలితే

ఫోన్‌లో ధగధగలాడిన ఫోటో ప్రింట్‌లో డల్‌గా, నల్లగా వచ్చిందన్నది ల్యాబ్ కౌంటర్ దగ్గర రోజూ వినిపించే ఫిర్యాదు. తెర తనంతట తాను వెలుగుతుంది. కాగితం తన మీద పడిన వెలుగులో కొంత తిరిగి ఇస్తుంది, అంతే. మంచి మానిటర్‌లో అతి తెల్లనికీ అతి నల్లనికీ మధ్య తేడా వెయ్యి రెట్లు ఉంటే, గ్లాసీ కాగితంలో అది 200 రెట్ల దగ్గర, మ్యాట్ ఆర్ట్ పేపర్‌లో 50 రెట్ల దగ్గర ఆగిపోతుంది. తెర మీద నీడలో కనిపించిన జుట్టు, నల్లకోటు మడతలు, గుడి మండపం లోపలి స్తంభాలు కాగితం మీద ఒకే ముద్దగా కలిసిపోవడానికి కారణం ఇదే.

దీనికి తోడు, ఎడిట్ చేసేవాళ్లు తెర బ్రైట్‌నెస్ నిండా పెంచుకుని కూర్చుంటారు. తెర ఎంత వెలుగుతుంటే ఫోటోను అంత చీకటి చేసుకుంటూ పోతారు, తేడా తెలియదు. ప్రింట్ కోసం ఎడిట్ చేసే మానిటర్ చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (తెర వెలుగు కొలత) మధ్య ఉండాలన్నది ఈ రంగంలో స్థిరపడిన మాట. మామూలు ల్యాప్‌టాప్‌లు దీనికి రెండు మూడు రెట్లు వెలుగుతాయి. క్యాలిబ్రేటర్ (తెర వెలుగు, రంగు కొలిచే పరికరం) ఉంటే సరిగ్గా కొలిచి పెట్టుకోవచ్చు. లేకపోతే ఓ తేలిక పద్ధతి ఉంది. పగటి వెలుగు పడే చోట తెల్లకాగితం ఒకటి మానిటర్ పక్కన పట్టుకుని, తెర మీది తెలుపు ఆ కాగితమంత తెల్లగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించాలి. అప్పుడు తెర చప్పగా కనిపిస్తుంది. ప్రింట్ కూడా దాదాపు అలాగే ఉంటుంది. ఆ చప్పదనాన్ని చూస్తూ నీడలను కాస్త పైకి లేపాలి, ముఖాలకు కొంచెం వెలుగు ఇవ్వాలి. మ్యాట్ పేపర్ అయితే ఇంకాస్త.

పెళ్లి ఫోటోల్లో ఎర్రటి పట్టుచీరను చూస్తే ఈ పనిలోని సూక్ష్మం బాగా తెలుస్తుంది. రిసెప్షన్ లైట్ల కింద ఎరుపు చానెల్ (ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో ఎరుపు వాటా) చివరి అంచు 255ని తాకేస్తుంది. ఆ అంచు దాటాక చీర మడతకూ మడతకూ తేడా చూపడానికి ఫైల్‌లో సమాచారం ఉండదు. ఆకుపచ్చ, నీలం చానెళ్లు అప్పటికే అడుగున ఉంటాయి. ఫోన్‌లో అది నిండు ఎరుపుగా కనిపించి అందరికీ నచ్చుతుంది. 24×36 ప్రింట్‌లో మాత్రం చీర బట్టలా ఉండదు, ఎర్ర పెయింట్ పూసినట్టు చదునుగా ఉంటుంది. కుచ్చిళ్లు మాయమవుతాయి, జరీ అంచు ఎరుపులోకి కరిగిపోతుంది. హిస్టోగ్రామ్‌ (ఫోటోలో చీకటి వెలుగుల పంపకం చూపే గ్రాఫ్) మొత్తంగా చూస్తే ఇది పట్టుబడదు, ఎరుపు చానెల్‌ను విడిగా చూడాలి. రా ఫైల్ (కెమెరా సెన్సర్ పట్టిన సమాచారాన్ని ప్రాసెస్ చేయకుండా దాచిన ఫైల్) ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించి, ఎరుపు శాచురేషన్ కొద్దిగా దించితే కుచ్చిళ్లు ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. పట్టు మెరుపు మడతల్లోనే ఉంటుంది కాబట్టి రంగు తగ్గించినా చీర ఇంకా నిండుగా కనిపిస్తుంది. జేపెగ్ మాత్రమే మిగిలితే పోయినవి పోయినట్టే. అందుకే పెళ్లి ఫోటోగ్రాఫర్‌ దగ్గర రా ఫైళ్లు కూడా అడిగి తీసుకోవడం, కనీసం పెద్దవి చేయాలనుకున్న పది ఫోటోలకైనా, ముందుచూపు ఉన్న పని.

బతుకమ్మ ఫోటోలకూ ఇదే చిక్కు. బంతిపూల నారింజ, రంగులద్దిన గునుగు పువ్వుల గులాబీ లాంటి కొన్ని రంగులు ఏ ఇంకుకూ పూర్తిగా అందవు. కాగితానికి అందని రంగును ప్రింటర్ తనకు తోచిన దగ్గరి రంగుకు లాక్కుంటుంది. ల్యాబ్ తన కాగితానికీ మెషిన్‌కూ తయారుచేసుకున్న ఐసీసీ ప్రొఫైల్ (అక్కడ ఏ రంగు ఎలా వస్తుందో చెప్పే ఫైల్) ఇస్తే, ఫోటోషాప్‌లోనో లైట్‌రూమ్‌లోనో సాఫ్ట్‌ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూపే పద్ధతి) పెట్టి ఆ మార్పును ముందే చూసి సరిదిద్దుకోవచ్చు. ప్రొఫైల్ అడగ్గానే ఇచ్చే ల్యాబ్ తన పని మీద శ్రద్ధ పెట్టిన ల్యాబ్ అనే అనుకోవచ్చు.

ఇక కలర్ స్పేస్, అంటే ఫైల్‌లోని అంకెలు ఏ రంగులో చెప్పే కొలమానం. చాలా ల్యాబ్ మెషిన్లు తమ దగ్గరికొచ్చే ప్రతి ఫైల్‌నూ మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ అనే అనుకుంటాయి. అంతకంటే ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీలో సేవ్ చేసిన ఫైల్ అలాంటి మెషిన్‌లో పడితే చర్మం పాలిపోతుంది, పచ్చదనం చచ్చిపోతుంది. కొన్ని ఫోన్లు డిస్‌ప్లే పీ3లో తీస్తాయి, వాటికీ కొంత ఇదే ఇబ్బంది. ల్యాబ్ ప్రత్యేకంగా మరొకటి అడగనంతవరకు, ఎస్ఆర్‌జీబీకి మార్చి, ఆ ప్రొఫైల్‌ను ఫైల్‌లోనే ఉంచి ఇవ్వాలి. మార్చడం అంటే ‘కన్వర్ట్’. ‘అసైన్’ నొక్కితే పిక్సెళ్లు అలాగే ఉండి పేరు మాత్రం మారుతుంది, రంగులు పాడవుతాయి.

ఇక్కడే చెప్పుకోవాల్సిన మరో విషయం ఆటో కరెక్షన్. మినీల్యాబ్‌లో (చిన్న ఫోటోలు వేసి కడిగే మెషిన్ దగ్గర) ఆపరేటర్ ఫోటో ఫోటోకూ డెన్సిటీ (చీకటి వెలుగుల మోతాదు), రంగు మీటలు నొక్కుతూ పోతాడు. రోజుకు వేల ప్రింట్లు వేసేచోట అది అవసరమే. కానీ తెల్లగా కనిపిస్తే కస్టమర్ సంతోషిస్తాడన్న అలవాటు కొద్దీ ముఖాలన్నింటినీ ఓ మెట్టు పైకి లేపేస్తారు. చామనఛాయ తల్లి, గోధుమరంగు కూతురు, నల్లటి తాత ముగ్గురూ ఒకే పిండిరంగులో వస్తారు. మనుషుల రంగు మార్చి వాళ్ల ఫోటో అనడం సరైంది కాదు. శ్రద్ధగా తయారుచేసిన ఫైల్ ఇస్తున్నప్పుడు ఆర్డర్ చీటీ మీద ‘నో కరెక్షన్’ అని రాయించి, ఆపరేటర్‌కు నోటితో కూడా చెప్పాలి.

దగ్గరగా చూస్తేనే బయటపడేవి

పెద్ద ప్రింట్ అన్ని తప్పులనూ పెద్దవి చేస్తుంది. గోల్కొండ బాలాహిసార్ మీద నిలబడి సాయంత్రం తీసిన ఫోటోలో ఆకాశం మీద సెన్సర్ దుమ్ము మచ్చ ఒకటి 20 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. ఫోన్‌లో అది కంటికి ఆనదు. 36 అంగుళాల ప్రింట్‌లో మూడు మిల్లీమీటర్లు, అంటే మెంతిగింజంత అవుతుంది. అందరి చూపూ దాని మీదే పడుతుంది. అందుకే ఫైల్‌ను 100 శాతం జూమ్‌లో పెట్టి, ఎడమ మూల నుంచి కుడి మూల దాకా పొలం దున్నినట్టు వరస వరసగా చూసుకుంటూ రావాలి. అరగంట పడుతుంది. ఈ అరగంటను తప్పించే దారి లేదు.

అదే ఆకాశంలో నీలం నుంచి కాషాయానికి మారే చోట చారలు పడటం మరో సమస్య. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండే 8 బిట్ జేపెగ్ మీద కర్వ్‌లు (చీకటి వెలుగులు మార్చే గీతలు) గట్టిగా లాగితే మెట్లు మెట్లుగా విడిపోతుంది. ఎడిటింగ్ మొత్తం 16 బిట్‌లో చేసి, చివర్లో మాత్రమే 8 బిట్‌కు దింపాలి. అప్పటికీ చారలుంటే కంటికి తెలియనంత గ్రెయిన్ (ఇసుకలాంటి సన్నటి చుక్కలు) కలిపితే సర్దుకుంటుంది.

షార్ప్‌నెస్ చివరి మెట్టు. ప్రింట్ సైజుకు మార్చాకే చేయాలి, ముందు చేసి తర్వాత పెంచితే అంచుల తెల్లగీతలు కూడా పెరుగుతాయి. ఇంకు కాగితంలోకి కాస్త ఇంకుతుంది కాబట్టి తెర మీద కొంచెం ఎక్కువైనట్టు అనిపించేంత షార్ప్‌నెస్ ప్రింట్‌లో సరిపోతుంది. మ్యాట్‌కు, కాన్వాస్‌కు ఇంకా కాస్త పడుతుంది. కోట రాళ్లకు ఇచ్చినంత షార్ప్‌నెస్ ముఖానికి ఇస్తే చర్మరంధ్రాలు లెక్కపెట్టొచ్చు. మాస్క్ పెట్టి (మిగతా భాగాన్ని కప్పేసి) కళ్లు, జుట్టు, నగలకు పరిమితం చేయాలి.

పిక్సెళ్లు చాలనప్పుడు ఏఐ అప్‌స్కేలింగ్ ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. అడోబీ 2021లో తెచ్చిన సూపర్ రిజల్యూషన్ లాంటివి రెండింతలకు పెంచడంలో మంచి ఫలితమే ఇస్తాయి. కొండలు, చెట్లు, రాతిగోడల విషయంలో నమ్మొచ్చు. అంతకు మించి నాలుగింతలు, ఎనిమిదింతలు సాగదీస్తే సాఫ్ట్‌వేర్ లేని వివరాన్ని అల్లడం మొదలుపెడుతుంది. పాత ఊరి ఫోటోలో దుకాణం బోర్డు మీది తెలుగు అక్షరాలను చూస్తే ఇది వెంటనే పట్టుబడుతుంది. గుండ్రటి అక్షరాలు, వాటి కింద ఒత్తులు ఏ భాషవో తెలియని గీతలుగా మారిపోతాయి. ముఖంలోనూ అదే జరుగుతుంది. కానీ ముఖం అందంగా వస్తుంది కాబట్టి మోసం తెలియదు. తాతయ్య పెదవి పక్కన పుట్టుమచ్చ పోతుంది, లేని పలువరస వస్తుంది. జ్ఞాపకం కోసం వేయించే ఫోటోకు కాస్త మసకే మేలు.

పాత ఫోటోలకు ఇంతకంటే మంచి దారి ఒకటుంది, దాన్ని చాలామంది మర్చిపోయారు. ఆల్బమ్ వెనక అరలో, స్టూడియో కవర్‌లో నెగెటివ్‌లు ఉన్నాయేమో వెతకాలి. మ్యాక్సీ సైజు 4×6 ప్రింట్‌ను ఎంత ఎక్కువలో స్కాన్ చేసినా ఆ కాగితంలో ఉన్న వివరం కొంతే. 35 ఎంఎం నెగెటివ్‌ను 4000 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 5600×3700 పిక్సెళ్లు వస్తాయి. అందులో ఫిల్మ్ గ్రెయిన్ కూడా కనిపిస్తుంది, దాన్ని తుడిచేయాల్సిన పనిలేదు. తేనెపట్టు గళ్లున్న సిల్క్ పేపర్ ప్రింట్ స్కాన్‌లో ఎంత ఏడిపిస్తుందో చేసినవాళ్లకు తెలుసు, అలాంటి ఫోటోకు నెగెటివ్ దొరికితే అదృష్టమే.

కాగితం, సైజు, టెస్ట్ స్ట్రిప్

మినీల్యాబ్‌లో లేజర్ వెలుగుతో కాగితాన్ని ఎక్స్‌పోజ్ చేసి రసాయనాల్లో కడుగుతారు. రంగుల మార్పు మృదువుగా ఉంటుంది, ధర తక్కువ. కానీ చాలా మెషిన్లలో కాగితం వెడల్పు 12 అంగుళాల దగ్గర ఆగుతుంది. అంతకు మించినవి ఎక్కువగా పిగ్మెంట్ ఇంక్‌జెట్ (రంగుపొడి ఇంకును చిమ్మే ప్రింటర్) మీదికి వెళ్తాయి. అక్కడ కాటన్ ర్యాగ్ (దూదితో చేసిన కాగితం) నుంచి కాన్వాస్ దాకా ఎంపిక ఉంటుంది. బాల్కనీ వెలుగు సూటిగా పడే గోడకు గ్లాసీ పెడితే ఫోటో బదులు కిటికీ కనిపిస్తుంది. అక్కడ మ్యాట్ లేదా లస్టర్ (సగం మెరుపుండే కాగితం) మంచిది. బ్రైట్‌నర్లు (తెలుపు పెంచే రసాయనాలు) ఎక్కువగా కలిపిన మెరుపు తెలుపు కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. తరాలు ఉండాల్సిన ఫోటోకు బ్రైట్‌నర్ లేని కాగితం అడగాలి. ఫ్లెక్సీ మీద వేసింది చౌరస్తాలో దూరం నుంచి చూడటానికి, ఇంట్లోకి కాదు.

సైజుల్లో అందరూ తడబడేది నిష్పత్తి దగ్గర. కెమెరా ఫోటో 3:2. అది 24×36 లో అచ్చంగా ఇముడుతుంది. 20×24 కి, 30×40 కి వెళ్తే పక్కలు తెగుతాయి. గ్రూప్ ఫోటోలో చివరన నిలబడ్డ చిన్నాన్న సగం పోతాడు. ఆ క్రాప్ ల్యాబ్‌కు వదిలేయకుండా ముందే చేసుకోవాలి. కాన్వాస్ అయితే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు చట్రం పక్కకు మడుస్తారని గుర్తుంచుకుని, అంచుల్లో తల, చెయ్యి, పేరు లేకుండా చూసుకోవాలి.

ఇవన్నీ చేశాక కూడా నేరుగా 24×36 వేయించకూడదు. ఆ సైజులో ఉంచిన ఫైల్ నుంచే ముఖం, నీడ, ఎర్రచీర పడేలా 8×12 ముక్క కత్తిరించి, అదే కాగితం మీద టెస్ట్ స్ట్రిప్ వేయించాలి. మొత్తం ఫోటోను 8×12 కి కుదించి వేయిస్తే మాత్రం ప్రయోజనం లేదు, లోపాలు అందులో దాక్కుంటాయి. ఆ ముక్కను ల్యాబ్‌ ట్యూబ్‌లైట్ కింద చూసి ఓకే అనేయకుండా ఇంటికి తెచ్చి, ఫోటో తగిలించబోయే గోడకే టేపుతో అంటించాలి. పగలు ఒకసారి, రాత్రి ఫాల్స్ సీలింగ్ పసుపు ఎల్ఈడీలు వేశాక ఒకసారి చూడాలి. పసుపు లైట్ల కింద నీలాలు బూడిదరంగులోకి వెళ్తాయి, ముఖాలు వెచ్చబడతాయి. నీడలు ఇంకా ముద్దగానే ఉంటే ఫైల్‌లో కొద్దిగా లేపి మరో ముక్క వేయించాలి. రెండు ముక్కల ఖర్చు పెద్ద ప్రింట్ ధరలో చిన్న భాగమే.

ప్రింట్ వచ్చాక ఇంక్‌జెట్ అయితే ఒక రోజైనా ఆరనిచ్చి అప్పుడు ఫ్రేమ్ కట్టించాలి. ఫ్రేమ్ షాపులో అద్దానికీ ఫోటోకూ మధ్య మౌంట్ బోర్డు గానీ స్పేసర్ గానీ పెట్టమని చెప్పాలి. నేరుగా ఆనిస్తే రెండు వర్షాకాలాల తేమకు ఫోటో అద్దానికి అతుక్కుని, విడదీస్తే పొర ఊడొస్తుంది. పడమటి ఎండ పడే గోడ వద్దు. మూసే ముందు ఫోటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో ఫైల్ పేరు, కాగితం రకం, వేయించిన తేదీ, ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు రాసి పెట్టాలి. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వేయించాల్సి వస్తే అప్పటివాళ్లు మొదట వెతికేది ఆ రాతనే.